ఒకే పడుగు

ఎంజీఎంల ఇరవై రెండో టోకెను
నాది కాదు, మా అన్నది.
నర్సమ్మ మాత్రం నా చెయ్యే పట్టుకున్నది:
"ఓదేలంటె నువ్వేనా?"
ఆమె తప్పేం లేదు.
మా అవ్వే ఇప్పటికీ ఎనుక నుంచి చూస్తె తడబడతది.
వాడు పన్నెండు నిమిషాలు ముందొచ్చిండు.
ఎనుక వచ్చినోన్ని నేను, కొమురయ్యను.

డాక్టరమ్మ అడుగుతాంది,
మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్లుండెనా అని.
ఉండె.
మేనత్త వీరవ్వ
కండెలు చుట్టుకుంట రాట్నంతోని కొట్లాడేదట,
పేరు పెట్టి తిడుతాందని.
మావోళ్లు గాలన్నరు. యాపమండలతోని కొట్టిచ్చిన్రు.
ఇయ్యాల కాగితం మీద ఆమె
నల్లగ నింపిన ఒక గుండ్రం.
పక్కన మా బాపు, ఖాళీ డబ్బా.
ఆయన కింద ఒక్క చుక్క నుంచి రెండు గీతలు దిగినయి.
చివర్ల రెండు డబ్బాలు.
డాక్టరమ్మ పెన్ను ఒకదాన్ని నింపి
రెండోదాని మీద కొంచెంసేపు ఆగి
పక్కకు జరిగింది.

కొత్తవాడల బాపు
గుంటమగ్గంల కాళ్లు దించి కూసున్నడంటె
ఒక్క పడుగు మీద నాలుగు జంపఖానాలు దిగేవి.
పడుగు అదే. పేక మారేది.
ఒకటి పెండ్లిపందిట్ల పరిచేటోళ్లు,
ఒకటి పీనుగ పక్కన.
"పడుగుల పచ్చిపోగు ఉంటదిరా, కంటికి ఆనదు.
ముసురు పట్టినప్పుడు గట్టిగ గుద్దితె తెగుతది.
గుద్దకుంటె? నేసుడు అయిపోయేదాక
అది పచ్చిదని ఎవనికీ తెల్వదు."

గుద్దిందెవరో నేను వెతుకుతాన.

మూడో తరగతిల ఇద్దరినీ హాస్టల్ల ఏద్దామనుకున్నరు.
నాకు జరమొచ్చింది.
వాడొక్కడే రేకుపెట్టె నెత్తిన పెట్టుకొని పోయిండు.
ఆ వార్డెను బెల్టుకు ఇత్తడి బిళ్ల ఉండేదని
పదేండ్ల తర్వాత చెప్పిండు, అదీ నవ్వుకుంట.
పందొమ్మిదేండ్లకు భీవండి.
పదకొండు మంది, ఒక్క అర్ర, రాత్రి డ్యూటీ.
వాన్ని ఓదేలని పిలిచినోడు ఆ ఊర్లనే లేడు.
ఒకనాడు ఫోన్ల మెల్లగ అన్నడు:
"మరమగ్గం నన్ను పేరు పెట్టి పిలుస్తాందిరా."

వీరవ్వ ముచ్చట అప్పటికి మాకెవ్వరూ చెప్పలె.
మేం పుట్టకముందే ఆమె బాయిల పడ్డది.

గంజాయి అంటరు. నేనూ తాగిన.
పద్మాక్షి గుట్ట మీద, వాడు సెలవుకొచ్చినప్పుడు,
ఒక్కటే చుట్ట, చెరి నాలుగు దమ్ములు.
నేను నవ్వి నవ్వి బండ మీదనే పన్న.
వాడు తెల్లారేదాక హన్మకొండ లైట్లు లెక్కపెట్టిండు,
ఒకటి ఎక్కువొచ్చిందని మళ్ల మొదటి నుంచి.
అదే నెత్తురు, అదే పొగ.
నా లోపల అప్పటికే నానిపోయి లేనిదేదో
వాని లోపల నానిపోయి ఉండె.

"ఏ ఒక్కదానితోనో కాదు," అంటాంది డాక్టరమ్మ,
"పుట్టుకతోని వచ్చింది ఉత్తగనే పడుకొని ఉండొచ్చు.
లేపేటియి బయటుంటయి.
ఏది లేపిందో, ఎప్పుడు లేపిందో
మాకు కూడ పూర్తిగ తెల్వదు."
నాకొక్కటే గుర్తొస్తాంది:
ఆ జరం. అవ్వ నుదురు మీద ఏసిన తడిగుడ్డ.
వాడు గల్మ కాడ నిలవడి
"నువ్వెప్పుడొస్తవ్‌రా?" అనుడు.

కాగితంల నా డబ్బా కిందికి ఇంకో గీత దిగింది.
చిన్న గుండ్రం. సంహిత. ఆరేండ్లు.
నేనేం చెయ్యాలె అనడిగిన.
"పిల్లను కొట్టకున్రి. నిద్ర చెడనియ్యకున్రి.
భయమైతె చెప్పుకునేతందుకు మనిషుండాలె."
ఇంతేనా అన్న.
ఇంతకే చానామందికి దిక్కు లేదన్నది.

తెగిన పోగును బాపు
బూడిద అద్దిన వేళ్లతోని మెలిపెట్టి అతికేటోడు.
ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి
అన్న అరచేతిల గోళి పెట్టి నీళ్లిస్తాన.
కొన్ని దినాలు మింగుతడు.
కొన్ని దినాలు నా మొఖమే చూస్తడు,
అద్దం మీద అనుమానమొచ్చినోని తీరుగ.

బయట బెంచీ మీద వాడు ఆ కాగితం అడిగి తీసుకున్నడు.
అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
నల్లదాని మీద వేలు పెట్టి, "ఇది నాది," అన్నడు.
వేలు పక్కకు జరిగింది.
"ఈ ఖాళీ అర్ర ఎవలది?"
"నాదే."
చానాసేపు చూసిండు.
"కిరాయి ఎంత కడుతున్నవ్?"